ఈదమ్మకు వేసిన నంబరు

కార్తీక మాసం, ఆఖరి సోమవారం. అలంపురం.
ఉన్నవారు: నేను, నా భార్య, మా పెద్దమ్మాయి, అల్లుడు. సాయంత్రం బాలమ్మ, ఆమె కూతురు నాగమ్మ.

డైరీ ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతాను. రోజు, చోటు, ఎవరెవరు ఉన్నారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఉన్న అలవాటు. కానీ ఇది డైరీ కాదు. డైరీ నాకోసం రాసుకునేది. ఇది మీకోసం. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నలభై ఏళ్లకు పైగా మోస్తున్న సంగతి ఇది. మొదట్లో దీన్ని తప్పని కూడా అనుకోలేదు. చిన్న సర్దుబాటు అనుకున్నాను. తర్వాత తప్పని తెలిసింది, అయినా ఎవరికీ పెద్ద నష్టం లేదులే అనుకున్నాను. ఆ తర్వాత నష్టం కళ్లారా చూశాను. అప్పుడైనా నోరు విప్పలేదు. ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్లు మాట వినవు. నిద్ర సరిగ్గా పట్టదు. ఎవరిమీదా కోపం రాదు, దేనిమీదా పెద్దగా ఆశ లేదు. దాచడం కూడా ఒక పనే. ఆ పని చేసే ఓపిక ఇక లేదు.

శ్రీశైలం ఆనకట్ట వెనక నీళ్లు నిండబోతున్న రోజుల్లో నేను కుర్రవాణ్ణి. కొత్త ఉద్యోగం. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఒక పాత శివాలయం ఉండేది. అది మునిగిపోతుంది కాబట్టి రాయికి రాయి విప్పి, అలంపురానికి తెచ్చి, మళ్లీ కట్టాలి. నా పని రాళ్లకు నంబర్లు వేయడం. విప్పకముందే ప్రతి రాయి మీదా తెల్లరంగుతో వరుసకొక అక్షరం, రాయికొక అంకె. కాగితం మీద గుడి బొమ్మ, అందులోనూ అవే గుర్తులు. అలంపురంలో దించాక వాటి ప్రకారం పేర్చాలి. ఒక్క రాయి తారుమారైనా పైవరుస సరిగ్గా కూర్చోదు. ఆ పని నేను బాగా చేశాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇవాళ వెళ్లి చూసినా ఆ గోడలో ఎగుడుదిగుడు కనిపించదు. కూలివాళ్లు నన్ను నంబర్ల సారు అనేవాళ్లు.

ఆ కూలివాళ్లలో ఒకతె బాలమ్మ. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. సంగమం పక్క పల్లెలో, ఊరికి ఎడంగా ఉన్న గుడిసెల్లో వాళ్ల కుటుంబాలు ఉండేవి. ఆమె తట్టతో ఇసుక మోసేది. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆ గుడిసెల పొలిమేరలో వేపచెట్టు కింద మోకాలెత్తు నల్ల గుండు ఒకటి ఉండేది. చెక్కింది కాదు. కళ్లూ ముక్కూ లేవు. ఏళ్ల తరబడి పూసిన పసుపూ కుంకుమా దాని మీద పెచ్చులు కట్టి ఉండేవి. అదే వాళ్ల ఈదమ్మ. జాతరనాడు ఆ తల్లి బాలమ్మ ఒంటి మీదికి వచ్చేది. వానల సంగతి, జబ్బుల సంగతి, అన్నదమ్ముల తగాదాల సంగతి ఆమె నోట పలికేది. మిగతా రోజుల్లో ఆమెను ఆటపట్టించే మగవాళ్లు ఆ ఒక్కరోజు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఆమెకున్న మర్యాదంతా అదే. కూలి పని చేసుకునే మనిషికి అది చిన్నదేం కాదు.

ఆనాటి మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. మధ్యాహ్నం, అన్నాల వేళ. నేను రంగు డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

"ఓ సారూ, గంత పెద్ద శివునికి నంబరేసి లారీ ఎక్కిస్తున్నవు. మా ఈదమ్మకు గూడ ఓ నంబరెయ్యరాదు?" అంది బాలమ్మ.

రాళ్లు కొట్టే తిప్పన్న బొజ్జ ఊగేలా పకపకా నవ్వాడు. "ఏందే బాలమ్మా, ఈదమ్మకు లారీ టికెట్ గూడ తీస్తవా?"

"నీకే తియ్యాలె టికెట్. నీ బొర్రకు ఇంకోటి తియ్యాలె. నోర్మూసుకొని రొట్టె తిను నువ్వు." తర్వాత నా వైపు తిరిగింది. "నిజంగనే అడుగుతున్న సారూ. నంబరున్న రాయి ఒక్కటి గూడ తప్పిపోలే. రోజు సూస్తున్న గదా. నంబరు లేంది ఏడికి వోతదో ఎవలకు తెల్వదు."

"మీ బండ్లలోనే తీసుకుపోవచ్చు కదా బాలమ్మా?" అన్నాను.

"అట్ల తీస్కపోరు సారూ. కుండలు, కోళ్లు ఏస్కపోయే బండిల అమ్మను ఎక్కిస్తమా? అందరు పోయేదాంక ఆమె కదలొద్దు. పొలిమేర కాయాలె. ఊరు ఖాళీ అయినంక ఆఖర్ల ఆమె రావాలె. ఆఖరి లారీ నీదే గదా."

"సరే, తెస్తాను."

"గట్ల నోటిమాట గాదు. నంబరెయ్యి."

లేచి వెళ్లాను. ఆమె గుండు ముందు కూర్చుని, కొంగు చేత్తో పట్టుకుని, "అమ్మా, జర ఓర్సుకో. రంగు సల్లగనే ఉంటది" అంది. పసుపు అంటని చోట, అడుగున, ఈదమ్మ పేరులోని మొదటి అక్షరం వేసి పక్కన ఒకటి అంకె వేశాను. ఆమెకు చదువు రాదు. ఆ రెండు గుర్తులనూ వేలితో నేల మీద గీసి గీసి నేర్చుకుంది. "ఇగ ఫికర్ లేదు" అంది.

గుడిసెలు ఖాళీ అయ్యాయి. వాళ్లంతా అలంపురం అంచున కట్టిన కాలనీకి వెళ్లిపోయారు. ఈదమ్మను నామీద వదిలి వెళ్లారు.

ఆఖరి లారీ రోజున వాన పడి వెలిసింది. శివాలయం తాలూకు మిగిలిన రాళ్లు ఎక్కించాం. డ్రైవరు గుడిసెల దారి చూసి, అటు పోతే చక్రాలు దిగబడతాయి సారూ అన్నాడు. అయితే వద్దు, పద అన్నాను.

అంతే. జరిగింది అంతే.

చాలా ఏళ్లు దీన్ని నాకు నేను రెండు రకాలుగా చెప్పుకున్నాను. ఒకసారి బురద అని, ఒకసారి మరిచిపోయానని. రెండూ అబద్ధాలే. లారీ పోలేకపోతే నలుగురు మనుషులు వెళ్లి మోసుకొచ్చే దూరమే అది. మనుషులు ఉన్నారు. మరిచిపోనూ లేదు. లారీ కదిలినప్పుడు వేపచెట్టు కనబడింది. దాని కింద పసుపు కూడా కనబడింది. తల తిప్పుకున్నాను. ఎందుకు? అలసిపోయి ఉన్నాను, నిజమే. ఆకలిగా ఉంది, అదీ నిజమే. కానీ అదే అలసటలో, అదే ఆకలిలో, శివాలయం రాయి ఒకటి కింద ఉండిపోయిందంటే లారీ ఆపకుండా ఉండేవాణ్ణా? ఉండేవాణ్ణి కాదు. ఆ గుండు నా కాగితంలో లేదు. దాని గురించి పైవాళ్లు ఎవరూ అడగరు. అడిగేది బాలమ్మ ఒక్కతే. బాలమ్మ అడిగితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఇలా రాయడం కష్టంగా ఉంది గానీ, ఉన్నమాట అదే.

కాలనీ మొదట్లో వాళ్లు డప్పుతో ఎదురుచూస్తున్నారు. ఆడవాళ్లు బోనాలు ఎత్తుకుని ఉన్నారు. బాలమ్మ లారీకి ఎదురు వచ్చి, అమ్మ ఏదని అడిగింది. పెద్ద రాళ్ల కింద ఉంది, పొద్దున దించుతాం అన్నాను. పొద్దున్నే తిరిగి వెళ్లి తెద్దామని ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. తెల్లవారేసరికి నీళ్లు వచ్చాయని, దారి మునిగిందని కబురు వచ్చింది.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆ రోజు చెబితే ఏమయ్యేది? తిట్టేవాళ్లు. ఏడ్చేవాళ్లు. వాళ్ల పెద్దలు కూర్చుని, కొత్త రాయిని నిలిపే పద్ధతేదో చూసుకునేవాళ్లు. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. ఆ మాత్రం తిట్లకు భయపడ్డాను.

పనికిరాని రాళ్ల కుప్పలో అదే ఎత్తు నల్ల గుండు వెతికాను. సులువుగానే దొరికింది. రంగు డబ్బా తెచ్చి, అడుగున అదే అక్షరం, అదే అంకె వేశాను. త్వరగా ఆరాలని కూర్చుని ఊదాను. చేసిన పనులన్నిట్లోకీ ఆ ఊదడమే ఎక్కువ గుర్తొస్తుంది. మిగతావాటికి తొందరనో, భయమనో ఏదో పేరు పెట్టుకోవచ్చు. అంత శ్రద్ధగా ఊదినదానికి ఏం పేరు పెట్టను?

బాలమ్మ వచ్చి ముందు నంబరే చూసింది. వేలితో దాని మీద గీసింది. తర్వాత గుండును రెండు చేతులా తడిమింది.

"జర సన్నగైనట్టుంది సారూ, అమ్మ."

"పసుపు పెచ్చులన్నీ దారిలో రాలిపోయాయి బాలమ్మా. అంత మందం పోతే సన్నగా కనబడదా?"

ఆమె మళ్లీ నంబరు తడిమింది. "అట్లనే ఉంటది. నంబరున్నది గదా" అంది. డప్పు మోగింది. నేను కూడా వాళ్ల వెంట నాలుగడుగులు నడిచాను.

గుడి మళ్లీ కట్టడానికి కొన్నేళ్లు పట్టింది. ఆ కొన్నేళ్లూ నేను అలంపురంలోనే ఉన్నాను. మొదటి జాతర చూశాను. డప్పు మోగుతోంది. బాలమ్మ తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, గుండును నిలిపిన గద్దె ముందు నిలబడింది. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఏమీ కాలేదు. డప్పు కొట్టేవాళ్ల చేతులు నొప్పి పుట్టాయి. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, ఒంట్లో మాత్రం ఏ కదలికా లేదు. మరుసటి ఏడూ అంతే. ఆ తర్వాత ఎన్నడూ ఆ తల్లి ఆమె మీదికి రాలేదు. రంగు పూయించి అమ్మను అవమానించింది బాలమ్మే అని మాట పుట్టింది. కాలనీలో ఏ బిడ్డకు జ్వరం వచ్చినా, ఎవరి మేక చచ్చినా ఆ మాట మళ్లీ లేచేది. ఆమె ఒకసారి నా దగ్గరికి వచ్చి, "రంగుకే అలిగిందంటుండ్రు సారూ, నిజమేనా?" అని అడిగింది. కొత్తచోటు కదా, అలవాటు కావాలి అన్నాను.

రాయి ఏదైనా రాయే కదా అని మీకు అనిపించవచ్చు. నేనూ ఆ మాటతోనే చాలాకాలం గడిపాను. మరి అలాగైతే శివాలయం రాళ్లకు నంబర్లెందుకు వేశాం? ఏ రాయి ఎక్కడిదో అక్కడే ఉండాలని అంత తాపత్రయం ఎందుకు? ఒకరి దేవుడి రాళ్లకు చోటు తప్పకూడదని, ఇంకొకరి తల్లి ఏ రాయైనా ఫరవాలేదని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే నాకు తెలుసు అనుకున్నాను. ఆ గుండులో ఈదమ్మ ఉందో లేదో నాకు తెలియదు. బాలమ్మ మాత్రం ఉంది. ఆమెను నేను నీళ్లలో వదిలేశాను.

తర్వాత వనపర్తికి బదిలీ అయింది. రిటైరయ్యాక గద్వాలలో ఇల్లు కట్టుకున్నాం. అలంపురం దగ్గరే. మా ఆవిడ ప్రతి కార్తీకంలోనూ జోగులాంబ దర్శనానికి పోదామనేది. నాకు ఎప్పుడూ ఏదో ఒక సాకు దొరికేది. ఈసారి కూతురూ అల్లుడూ కారు తెచ్చారు. సాకు చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

దర్శనం అయింది. వాళ్లు దీపాలు వెలిగిస్తుంటే నేను ఒక్కణ్ణే ఆ శివాలయం దగ్గరికి వెళ్లాను. తెల్లరంగు ఎక్కడైనా మిగిలిందేమోనని గోడ అడుగున తడుముతున్నాను. ఉసిరికాయ దీపాలు అమ్మే ఒక ఆడమనిషి నన్ను చూస్తూ ఉంది.

"మీరు నంబర్ల సారు గదా? గోడను గట్ల తడిమేటోళ్లు ఇంకెవలుంటరు? నేను నాగమ్మ, బాలమ్మ బిడ్డను. మా అమ్మ మిమ్ముల యాది జెయ్యని రోజు లేదు. జర వొచ్చి పోండ్రి."

వెళ్లాను. బాలమ్మ మంచంలో ఉంది. చూపు దాదాపు పోయింది.

"ఎవలే?"

"నంబర్ల సారు వొచ్చిండమ్మా."

"సచ్చిపోలేదా?" అంది. తర్వాత తానే నవ్వింది. "నేనే సావలే, ఆయనెట్ల సస్తడు. కూసోమను. ముసలోనివైనవా సారూ?"

"అయ్యాను బాలమ్మా."

"నెత్తిల ఎంటికలున్నయా?"

"లేవు."

"మంచిగైంది. నూనె ఖర్సు తప్పింది."

నేనూ నవ్వాను. నవ్వుతుండగానే అడిగేసింది.

"ఒక్క ముచ్చట జెప్పు సారూ. నువ్వు చదువుకున్నోనివి, నాకు అబద్ధం జెప్పవు. గా రంగు పూయించిన పాపమేనా? అమ్మను నేనే ఎల్లగొట్టుకున్ననా?"

"లేదు బాలమ్మా."

"మరెందుకు రాలే?"

తెలియదు అన్నాను. మళ్లీ అదే పని చేశాను. ఈ వయసులో, ఆ మంచం పక్కన కూర్చుని.

బయటికి వచ్చాక నాగమ్మ చెప్పింది. ఇన్నేళ్లలో వాళ్లమ్మ ఒక్క జాతరకూ గద్దె ఎక్కలేదట. కిందనే నిలబడి దండం పెట్టేదట. ఎవరైనా పిలిస్తే, నా మొఖం సూడొద్దనే గదా ఆమె రానిది, నేనెట్ల ఎక్కుత అనేదట.

ఆ రాత్రి సత్రంలో ఉండిపోదామన్నాను. ఎందుకని మా ఆవిడ అడిగింది. రేపు చెబుతానన్నాను.

మర్నాడు పొద్దున్నే బాలమ్మ దగ్గరికి వెళ్లాను. నాగమ్మ చాయ్ పెడతానంది, వద్దన్నాను. మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. వేపచెట్టు, లారీ, రాళ్ల కుప్ప, రంగు, ఊదడం. అన్నీ వరుసగా చెప్పాను. నాగమ్మ చేతిలో గిన్నె అలాగే ఉంది.

"అయితే ఆమె ఆడనే ఉన్నదా?" అంది బాలమ్మ చివరికి.

"ఉంది."

"నీళ్లల్ల?"

"అవును."

"ఎండకాలం నీళ్లు తగ్గితె ఊరు తేల్తది సారూ. కాళ్లు ఆడినన్ని ఏండ్లు ఏటా పోయిన. గా యాపచెట్టు మొద్దుకాడ కూసొని సద్ది తిన్న. ఆమె నా పక్కనే ఒండ్రుల ఉండె. ఒక్క చెంబు నీళ్లు పొయ్యకపోతి. తెల్వకపాయె."

తప్పు చేశాను బాలమ్మా అన్నాను. క్షమించమని అడగాలనుకున్నాను గానీ, అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించింది.

"మరి గీడున్నది ఎవలు?" అంది నాగమ్మ.

"ఇన్నేండ్లు మొక్కినంక ఎవలో ఒగలు అయ్యే ఉంటది. ఆమె సంగతి ఆమె సూస్కుంటది" అంది బాలమ్మ. నా వైపు ముఖం తిప్పింది. "నా సంగతి జెప్పు సారూ. నాకొక్కదానికి జెప్తే ఏం ఫాయిదా? నన్ను అన్నోళ్లు నేను గాదు గదా. ఇయాల మంగళారం. అందరు గద్దెకాడ నీళ్లు పోస్తుంటరు. ఆడ జెప్పు. నాగీ, నా మంచం వాకిట్ల ఎయ్యి."

గద్దె వాళ్ల ఇంటికి ఎదురుగానే. చెంబులు పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వేపకొమ్మలు, పసుపు నీళ్లు. నన్ను చూసి దారి ఇచ్చారు, దండం పెట్టుకోవడానికి వచ్చాననుకున్నట్టున్నారు. గద్దె పక్కన నిలబడి, తల దించుకుని చెప్పాను. ముందున్న ఒకామె నీళ్లు పోస్తూ పోస్తూ ఆగిపోయింది. "ఏమంటుండు?" అని వెనక ఎవరో అడిగారు. నెరిసిన జుట్టామె ఒకతె నా ముఖంలోకి చూసి, "మా అత్త సచ్చేదాంక బాలమ్మను తిట్టింది గదరా, నీ ఇల్లు గూల" అంది. నేను ఆగిపోయాను.

వాకిట్లోంచి బాలమ్మ గొంతు వినబడింది.

"గట్టిగ జెప్పు సారూ. ఎనకున్నోళ్లకు ఇనబడలే."

మళ్లీ మొదటి నుంచి చెప్పాను, గట్టిగా. ఈసారి మధ్యలో ఆగలేదు.